మాఘ పౌర్ణమికి మైపాడు నుంచి కొత్తపట్నం దాకా

అమ్మకు మాఘ పౌర్ణమినాడు సముద్రంలో మునగాలని కోరిక. మా తమ్ముడి కూతురు డిగ్రీలో జువాలజీ చదువుతోంది, దానికి సముద్ర తాబేలు గుడ్లు పెట్టడం కళ్లారా చూడాలని కోరిక. ఈ రెండు కోరికలూ ఒకే ఒడ్డున, ఒకే నెలలో తీరేవని నాకు మొదట తట్టలేదు. తట్టాక గుబులు మొదలైంది. వేలమంది తొక్కే ఇసుకలోనే కదా అది గుడ్లు పెట్టాలి! నేను హైదరాబాద్ నుంచి నెల్లూరులో తమ్ముడింటికి వెళ్లాను. అక్కడి నుంచి వాడి కారులో నలుగురం బయలుదేరాం. తిరిగొచ్చి మూడు రోజులైంది. మరిచిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం. నెల్లూరు, మైపాడు

నెల్లూరులో దిగాక కారం దోశ తినకుండా ఊరు దాటడం మా ఇంటి ఆచారం కాదు. ట్రంకు రోడ్డు పక్క సందులో పెనం మీద దోశ తిప్పకుండానే ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి ధారగా పోశాడు. 60 రూపాయలు. అమ్మ కారం తగ్గించమంటే, వేసేవాడు "తగ్గిస్తే అది ఇంక నెల్లూరు దోశ ఎట్టవుద్ది పెద్దమ్మా" అని కాస్త నొచ్చుకున్నాడు.

మైపాడు 25 కిలోమీటర్ల లోపే. ఇందుకూరుపేట దాటాక వరి తగ్గి రొయ్యల గుంటలు ఎక్కువయ్యాయి. చీకటి పడుతుండగా చేరాం. రేపు పౌర్ణమి కాబట్టి గదులు లేవు. దొరికిన ఒక్క గదికి 1,800 అడిగాడు, 1,500కి ఒప్పుకున్నాడు. పడుకునే ముందు ఒడ్డుకు వెళ్లి చూశాను. వెన్నెల బాగా ఉంది. కానీ దుకాణాల లైట్లు, బండ్ల హెడ్‌లైట్లు కలిసి ఇసుక మీద మా నీడలు సముద్రం వైపుకు పడుతున్నాయి. చంద్రుడి వల్ల పడాల్సిన నీడ కనిపించనే లేదు. ఆ రాత్రి అది నాకు వింతగా మాత్రమే తోచింది. దాని అర్థం మరుసటి రాత్రి తెలిసింది.

ఫిబ్రవరి 12, బుధవారం. మైపాడు

తెల్లవారుజామున నాలుగున్నరకే ఒడ్డు నిండిపోయింది. ఆటోలు, ట్రాక్టర్లు, స్కూటర్ల మీద ముగ్గురేసి మనుషులు. ఆరున్నర ప్రాంతంలో ముందు సముద్రంలోంచి సూర్యుడు లేస్తుంటే, వెనక సరుగుడు తోపు మీద చంద్రుడు దిగుతున్నాడు. రెండింటి మధ్య నడుం లోతు నీళ్లలో అమ్మ నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో మెట్లు ఎక్కని మనిషి, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో మనవరాలిని పట్టుకుని మూడు మునకలు వేసింది. పసుపు, కుంకుమ నీళ్లలో వదిలి, అరటి డొప్పలో ఒత్తి వెలిగించి అల మీద పెట్టింది. అల దాన్ని వెనక్కి తోసింది. మళ్లీ పెట్టింది. మూడోసారి పోయింది. అమ్మ మొహంలో ఆ నిమిషం కనిపించిన తృప్తి నేను నాన్న పోయాక చూడలేదు.

అందుకే సముద్ర తీరాన్ని కాపాడాలంటే జనాన్ని రానివ్వకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. మా పక్కనే ఒక కుటుంబం అన్నం మూటలు విప్పుకుంది. కోవూరు అవతలి పల్లె అట, కూలి పనులు చేసుకునేవాళ్లు. ఏడుగురికి ట్రాక్టర్ ఛార్జీ తలా 50. "సినిమాకి పోతే వెయ్యి అవుద్ది మా. సముద్రానికి టికెట్ లేదు గదా" అంది ఆ ఇంటి ఆడమనిషి. పులిహోరలో నాకూ ఒక ముద్ద పెట్టింది.

అయితే తొమ్మిది గంటలకు ఆ జనం లేచిపోయాక ఇసుక ఎలా ఉందో కూడా చూశాను. కుంకుమ కవర్లు, నీళ్ల ప్యాకెట్లు సరే. నన్ను ఎక్కువ బాధపెట్టింది విస్తళ్ల చుట్టూ చేరిన కుక్కలు. మిగిలిన అన్నం, బిర్యానీ ఎముకలు. "ఈ కుక్కలన్నీ ఊరివేనా?" అని బజ్జీల కొట్టు ఆమెను అడిగితే, "పండగలకి వచ్చి తిండి మరిగి ఈడనే ఉండిపోయినాయి అక్కా" అంది.

మధ్యాహ్నం ఒక ఇంట్లో చేపల పులుసు భోజనం, మనిషికి 150. మాగ చేప, కొత్తగా వస్తున్న పచ్చిమామిడి ముక్కలు, నూనె తేలిన పులుసు. పొద్దున వండి మధ్యాహ్నానికి ఊరనిచ్చింది కాబట్టి ముక్క లోపలి దాకా పులుపు పట్టింది. తమ్ముడు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

అదే రోజు సాయంత్రం. పెన్నకు ఉత్తరాన

పెన్నా నది సముద్రంలో కలిసేది మైపాడుకు పైన. అవతలి ఒడ్డుకు పోవాలంటే మళ్లీ నెల్లూరు, కోవూరు, విడవలూరు తిరిగి రావాలి. తమ్ముడి స్నేహితుడి ద్వారా ఒక పట్టపుపాలెంలో (సముద్రంలో వేటాడేవాళ్ల పల్లె) రాత్రిళ్లు తాబేళ్ల గూళ్లు కాపలా కాసే మనిషితో మాట్లాడి పెట్టుకున్నాం. ఆ ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని అతనే అడిగాడు, కారణం కూడా చెప్పాడు: గూళ్లు ఎక్కడున్నాయో తెలిస్తే ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువైపోతారు.

దారి తప్పాం. రొయ్యల గుంటల మధ్య కట్టలన్నీ ఒకేలా ఉంటాయి. ఫోన్‌లో మ్యాప్ బకింగ్‌హాం కాలువ దగ్గర మమ్మల్ని తిప్పి తిప్పి చివరకు ఒక ఇసుక బాట ఎక్కించింది. ముందు పోయిన బండ్ల చక్రాల గాళ్లు కనిపిస్తుంటే తమ్ముడు వాటి వెంటే పోనిచ్చాడు. అలల దాకా వచ్చేశాం. తిప్పబోతే చక్రాలు దిగబడ్డాయి. యాక్సిలేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోతుకు. సముద్రం పోటు మీద ఉంది, నీళ్లు పది గజాల దూరంలో. అమ్మ కారులో కూర్చుని రామనామం మొదలుపెట్టింది. నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. వల బాగుచేసుకుంటున్న ఆరుగురు మనుషులు పరుగున వచ్చి, చక్రాల కింద పాత వల ముక్కలు, కొబ్బరి మట్టలు వేసి ఇరవై నిమిషాల్లో బయటికి తోశారు. డబ్బు తీసుకోలేదు. బలవంతం చేస్తే టీలకని 200 తీసుకుని, పెద్దాయన తమ్ముడితో గట్టిగానే అన్నాడు: "అన్నా, ఇసక మీద బండి ఎక్కించబాకండి. ఇది రోడ్డు కాదు."

రాత్రి. పాలెంలో

కాపలా మనిషికి నలభై ఏళ్లుంటాయి. పొద్దున వేటకు పోతాడు, జనవరి నుంచి రాత్రిళ్లు ఒడ్డు నడుస్తాడు. సీజన్‌కు మాత్రం అటవీ శాఖ కొంత జీతం ఇస్తుంది. వాళ్లావిడ నెత్తళ్ల వేపుడు, సొరపుట్టు (సొరచేప పొడి కూర), వేడి అన్నం పెట్టింది. సొరపుట్టులో వెల్లుల్లి ఎక్కువ, మిరియం ఘాటు. అమ్మ చేప ముట్టదు, ఆమెకు విడిగా పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ.

తొమ్మిదికి నడక మొదలు. నియమాలు ముందే చెప్పాడు. టార్చి వేయొద్దు. ఫోన్ జేబులోంచి తీయొద్దు. తెల్ల చీర మీద ఏదైనా కప్పుకోండి. తాబేలు కనిపిస్తే కూర్చోండి, గుడ్లు మొదలుపెట్టేదాకా దగ్గరికి పోవద్దు. అతని చేతిలో టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంది. మేనకోడలు నడుస్తూ సతీశ్ భాస్కర్ గురించి చెప్పింది. 1977 నుంచి మన దేశ తీరాల వెంట వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి, తాబేళ్లు ఎక్కడెక్కడ గుడ్లు పెడుతున్నాయో లెక్క రాసిన మనిషి. మాకు మూడు కిలోమీటర్లకే పిక్కలు పట్టేశాయి. ఆయన మీద గౌరవం అక్కడ పెరిగింది.

మొదట కనిపించింది తాబేలు కాదు, దాని జాడ. నీళ్ల నుంచి పైకి వచ్చి, ఒక ఇరవై అడుగులు పోయి, వంపు తిరిగి మళ్లీ నీళ్లలోకి. "పెట్టకుండా పోయింది" అన్నాడు. దాని పక్కనే మోటార్ సైకిల్ చక్రం గీత. లైటు పడ్డా, చప్పుడు విన్నా వెనక్కి పోతుందట. మళ్లీ వేరే చోట, లేదా మరుసటి రాత్రి ప్రయత్నిస్తుంది. మన మోకాలి ఎత్తు కూడా లేని జీవం ఎన్ని కిలోమీటర్లు ఈదొచ్చి, ఒక కుర్రాడి బైకు సరదాకు వెనుదిరిగిందో తలచుకుంటే నాకు గొంతు పట్టేసింది.

పదకొండున్నర దాటాక అతను చెయ్యి పైకెత్తాడు. కూర్చున్నాం. ముందు బండరాయి అనుకున్నాను. బండరాయి కదిలింది. ఈడ్చుకుంటూ నాలుగడుగులు, ఆగి 'ఉస్స్' మని ఒక ఊపిరి, మళ్లీ నాలుగడుగులు. రెండడుగులు దాటిన డిప్ప, నలభై కిలోల దాకా బరువు. నీళ్లలో తేలిగ్గా ఉండే ఒళ్లు, ఇసుక మీద దానికే మోయలేని బరువు. ఒక చోట ఆగి వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. కుడి కాలు దోసిలిలా మడిచి ఇసుక తీసి పక్కన పెడుతుంది. అప్పుడు ఎడమ కాలు. మళ్లీ కుడి. వెనక్కి తిరిగి ఒక్కసారీ చూడదు. చూడని చోట, రెండు కాళ్లతో, మెడ సన్నగా, అడుగుభాగం వెడల్పుగా, అచ్చం చెంబులా ఒక గుంట తీసింది.

గుడ్లు మొదలయ్యాక అతను పిలిచాడు. పాకుతూ వెళ్లాం. ఎర్ర వెలుగులో రెండేసి, మూడేసి జారి పడుతున్నాయి. తెల్లగా, గుండ్రంగా, పింగ్‌పాంగ్ బంతులంత. పెంకు గట్టిది కాదు, ఒకదాని మీద ఒకటి పడితే సొట్ట పడి మళ్లీ లేస్తోంది. తాబేలు కళ్ల నుంచి చిక్కటి నీళ్లు కారి, ఇసుక అంటుకుని చారలు కట్టాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథి అలా బయటికి పంపుతుందని మేనకోడలు చెవిలో చెప్పింది. అమ్మ అదేమీ వినలేదు. పురుటి నొప్పులు ఎరిగిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "తల్లీ, తల్లీ" అంటోంది. గుడ్లయ్యాక గుంట పూడ్చి, తాబేలు తన ఒంటిని కుడికీ ఎడమకీ ఊపుతూ ఇసుకను దబ్ దబ్ మని కొట్టి అదిమింది. ఆ చప్పుడు నేలలోంచి నా మోకాళ్లకు తగిలింది. తర్వాత ఇసుక వెదజల్లి, తిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది.

గూడు నీటి అంచుకు దగ్గరగా ఉంది. "పౌర్ణమి పోటు ఈడ దాకా వస్తుంది. రాకపోయినా తెల్లారేలోపల కుక్కలు తవ్వేస్తాయి" అని, అతను మోచేతి దాకా చెయ్యి పెట్టి గుడ్లు ఒక్కొక్కటే తీశాడు. పైది కిందికి తిరగకుండా, తడి ఇసుక వేసిన బకెట్‌లో. 112 గుడ్లు. వల కట్టిన చిన్న దడి లోపల అదే కొలతతో గుంట తీసి పెట్టాడు. పుల్లకు అట్టముక్క గుచ్చాడు: తేదీ, అంకె. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది. 29, 30 డిగ్రీలకు పైన వేడెక్కితే ఎక్కువ ఆడవే. ఇసుక మీద మనం ఏ నీడ వేసినా, ఏ నీడ తీసేసినా వాటి కుటుంబం లెక్క మారిపోతుందన్నమాట. సునామీ తర్వాత అలలకు అడ్డంగా తీరం పొడవునా సరుగుడు నాటారు. మంచికే నాటారు. కానీ తోపు నీళ్ల దగ్గరికి వచ్చేసిన చోట తాబేలుకు ఇసుకే మిగల్లేదని అతను చూపించాడు.

కుక్కలనగానే నాకు పొద్దున మైపాడు విస్తళ్లు గుర్తొచ్చాయి. చెప్పాను. "అదే మా అక్కా బాధ. మీరు పారేసిన అన్నానికి అవి వస్తాయి. మీరు పోయినాక వాటికి ఆకలి పోదు గదా" అన్నాడు.

దక్షిణాన దూరంగా రొయ్యల గుంటల లైట్లు వరసగా వెలుగుతున్నాయి. పిల్లలు రాత్రిపూట గూడు నుంచి బయటపడి, ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పోతాయి. లైట్లు లేని రోజుల్లో అది సముద్రమే, నీటి మీద ఆకాశం మెరుపు. ఇప్పుడు అవి ఊరివైపు పోయి, తెల్లారి ఎండకు చస్తాయి. మైపాడులో మా నీడలు సముద్రం వైపుకు పడ్డాయని రాశాను కదా. ఆ వెలుగులో గూడు విచ్చుకుంటే పిల్లలు మా వైపుకే నడిచేవి. బండి గాళ్లు కూడా అంతే. నా చూపుడు వేలంత పిల్లకు చక్రం గాడి ఒక కాలువ. అందులో పడి, ఎక్కలేక, గాడి వెంటే పోతూ పోతూ కాకులకు దొరుకుతుంది. తమ్ముడు ఆ మాట విని తల దించుకున్నాడు.

"మరి మమ్మల్ని అసలు రావొద్దంటారా?" అని అమ్మ సూటిగానే అడిగింది.

"అట్ట ఎవురన్నారు పెద్దమ్మా? జనం వస్తేనే మా ఆడోళ్ల చేపలు అమ్ముడుపోయేది. పగలు మీరు మునగండి, తినండి, పిల్లకాయల్ని ఆడించుకోండి. చీకటి పడినాక ఇంటికి పోండి. దానికి రాత్రొక్కటే ఉండాది." వాళ్ల పాలెంలో పెద్దలు కూర్చుని దురాయి, అంటే ఊరి కట్టుబాటు, కూడా వేసుకున్నారట: సీజన్ అయిపోయేదాకా రాత్రిపూట ఇసుక మీద బండి తేకూడదు, ఒడ్డు వైపు దీపం సముద్రానికి కనిపించేలా పెట్టకూడదు. తప్పితే జరిమానా. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న చోటే. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో అది గుడ్లు పెట్టే చోట్లు అన్నిటికన్నా కఠినమైన వర్గంలోకి వస్తాయి. అంత చట్టం ఉన్నా ఆ రాత్రి నా కళ్లముందు ఆ ఒడ్డును కాపాడింది మాత్రం ఆ దురాయి, ఈ మనిషి కాళ్లు.

ఫిబ్రవరి 13, గురువారం. పాలెం, కావలి, రామాయపట్నం

తెల్లవారేసరికి తమ్ముడు లేడు. నిన్న మా కారు దిగబడిన చోట, అడిగి తెచ్చుకున్న పలుగూ పారతో గాళ్లు పూడుస్తున్నాడు. మా గాళ్లే కాదు, పక్కనున్నవి కూడా. మేనకోడలూ నేనూ కాళ్లతో ఇసుక తోశాం. గంటన్నర పట్టింది. మేం రెండు వందల గజాలు చదును చేశాం. గాళ్లు ఇంకా అలా దక్షిణానికి పోతూనే ఉన్నాయి.

కావలిలో ఆగి పులిబొంగరాలు తిన్నాం, అల్లం చట్నీతో, ప్లేటు 30. పైన కరకర, లోపల పుల్లగా మెత్తగా.

రామాయపట్నం వైపు పోతూ ఒక చోట ఒడ్డుకు దిగితే చచ్చిన తాబేలు. ఉబ్బిపోయి, మెడ బయటికి వేలాడి. ఒంటి మీద గాయం లేదు. ట్రాలర్ వలలో చిక్కుకుని ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతే ఇలాగే ఉంటుందని అక్కడి వలకారులు చెప్పారు. తాబేలు తప్పించుకుపోయే కిటికీ వలకు పెట్టించుకుంటే చావదు. ఆ కిటికీలోంచి చేప కూడా పోతుందని పెద్ద బోట్లవాళ్ల భయం. జనవరిలో చెన్నై ఒడ్డున వందల్లో కొట్టుకొచ్చిన వార్త చదివినప్పుడు అంకెగానే చదివాను. ఒక్కదాని ముందు నిలబడితే వేరు. అమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది. "కూర్మావతారం తల్లీ, కాలు తగలనీకండి" అంది. వలకారులు ముగ్గురు గుంట తీసి పూడ్చారు. ఒకాయన జేబులోంచి పసుపు పొట్లం తీసి పైన చల్లాడు. వలలో ప్రాణంతో పడితే బొట్టు పెట్టి వదిలేస్తామన్నాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం. కొత్తపట్నం

ఒంగోలు నుంచి కొత్తపట్నం దగ్గరే. ఈసారి తమ్ముడు కారు రోడ్డు మీదే, చాలా వెనక ఆపాడు. ఉడికించిన తేగలు కట్ట 40 పెట్టి కొనుక్కుని, పీచు తీసుకుంటూ ఇసుకలో కూర్చున్నాం. ప్రేమికుల రోజని కాలేజీ పిల్లలు ఎక్కువ. నవ్వులు, బంతాటలు. చూడ్డానికి హాయిగా ఉంది.

ఆరు కొట్టగానే విజిళ్లు. పోలీసులు ఒడ్డు వెంట నడుస్తూ అందరినీ నీళ్లలోంచి, ఆ తర్వాత ఇసుక మీద నుంచి లేపారు. ఇది తాబేళ్ల కోసం కాదు, మనుషుల కోసం. ఈ తీరంలో గుంటలు కనిపించవు, సరదాగా దిగి మునిగిపోయినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఒక కుటుంబం ఇంకో పది నిమిషాలని బతిమాలింది. పొదిలి దగ్గర నుంచి వచ్చారట, పిల్లలు సముద్రం చూడటం ఇదే మొదటిసారి. కానిస్టేబుల్ ఐదు నిమిషాలిచ్చాడు. పిల్లలు ఆ ఐదు నిమిషాల్లో ఒళ్లంతా ఇసుక పూసుకున్నారు. అరగంటలో ఒడ్డు ఖాళీ అయింది.

అప్పుడు నాకు అర్థమైంది, తాబేలుకు కావలసింది సగం మనం ఇప్పటికే మన ప్రాణాల కోసం చేస్తున్నాం. మిగిలిన సగం పెద్ద కష్టమూ కాదు. మనుషులు వెళ్లిపోయాక ఎవరి కోసమో వెలుగుతున్న ఆ స్తంభాల లైట్లు జనవరి నుంచి మే దాకా ఆర్పేయాలి, లేదా నేలవైపు వంచాలి. ఇసుక మొదలయ్యే చోట నాలుగు రాళ్లు పాతి బండ్లు ఆపాలి. విస్తళ్లు ఆ రాత్రికే ఎత్తేయాలి. ఒక్క విజిల్ సరిపోయే చోట మనం ఇంతకాలం మనుషులా, తాబేళ్లా అని తగువు పెట్టుకున్నాం. మేనకోడలు ఆ కానిస్టేబుల్‌కు తాబేళ్ల సంగతి చెబితే, ఆయన ఆసక్తిగా విని, "గుడ్లు కనిపిస్తే ఎవరికి చెప్పాలమ్మా?" అని అడిగాడు. అటవీ శాఖకు చెప్పమంది.

ఒంగోలులో అమ్మ మైసూర్‌పాక్ రెండు కిలోలు కొంది. ఒకటి మాకు. రెండోది పాలెంలో పిల్లలకని తమ్ముడి చేతికిచ్చింది. వాడు నిన్న వెళ్లి ఇచ్చి వచ్చాడు.

నిన్న రాత్రే కాపలా అన్న ఫోన్ చేశాడు. మేం వచ్చాక ఇంకో మూడు గూళ్లు దొరికాయట. మన అట్టముక్క వాన తుంపరకు తడిసిందని కొత్తది రాసి పెట్టాడట. ఏప్రిల్ మొదటి వారంలో రమ్మన్నాడు. అమ్మ వెంటనే పంచాంగం తీసి చూసింది. ఆ వారంలోనే శ్రీరామనవమి, ఆరో తేదీ. "పానకం, వడపప్పు అక్కడికే తీసుకుపోదాం. సాయంత్రమే పంచేద్దాం, రాత్రికి లైటు వేయకుండా" అంది.